రేకు గొంతు

జూలై 6, ఆదివారం

బోర్డు పెడితే బ్యాటరీకి చోటు లేదు. బ్యాటరీ పెడితే స్పీకరు మీద మూత పడదు. ప్రయాణాల్లో వాడే సబ్బు పెట్టెని కొలతలు చూసి మరీ కొన్నాను. పెట్టె కొలతల్లో తప్పు లేదు. తీగలకీ చోటు కావాలని తోచని నా బుర్రలోనే ఉంది తప్పు. చివరికి పెట్టెని ఒక పక్క కత్తితో కోసి, తీగలు బయటికి లాగి, మూత మీద రబ్బరు బ్యాండు బిగించాను. అందం సంగతి తర్వాత.

మొత్తానికి మాట్లాడింది. పాత సామాన్ల దుకాణంలో దొరికిన అరచేయంత బోర్డు, చచ్చిన రేడియోలోంచి పీకిన స్పీకరు, రెండు మీటలు ఊడిన బుల్లి కీబోర్డు, నెట్‌లో ఎవరైనా ఊరికే తీసుకోగల సాఫ్ట్‌వేరు. తెలుగులో కొడితే తెలుగులో పలుకుతుంది. పలకడమంటే, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతూ వాటికి గుణింతాలు నేర్పినట్టు. "మళ్ళీ" అని కొడితే "మల్లి" అంది. "నీళ్ళు" అంటే "నీల్లు". ళ అన్న అక్షరం దాని పుట్టుకలోనే లేదు.

కిందికి తీసుకెళ్ళాను. అన్నయ్య కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయనకి ఇల్లూ వాకిలీ ఆ కుర్చీయే. ఎదురుగా నిలబడి "అన్నయ్యా, ఎలా ఉన్నావు?" అని కొట్టాను. పెట్టె అరిచిన అరుపుకి వదిన చేతిలో గ్లాసు జారిపోయింది.

అన్నయ్య పలక అందుకున్నాడు. మీట నొక్కితే చెరిగిపోయే ప్లాస్టిక్ పలక, అదీ నేను కొన్నదే. "ఎవరు పోయారు?" అని రాశాడు. చెరిపేశాడు. మొహం కిటికీ వైపు తిప్పేశాడు.

వదిన గాజు పెంకులు ఏరుతూ అంది: "నీ ప్రయోగాలు మేడ మీదే చేసుకో తల్లీ. ఆయనకేం కావాలో నేను చెప్తూనే ఉన్నాగా."

అదే కదా నా ఏడుపు. ఆయన పెదవి కదిపేలోపు ఈవిడ వాక్యం పూర్తిచేసేస్తుంది. మొన్న పక్కింటాయన చూడ్డానికి వస్తే, అన్నయ్య పలక మీద "ర" రాసి దానికి దీర్ఘం ఇచ్చేలోపు "రేపు రమ్మంటున్నారండీ, ఇవాళ నీరసంగా ఉందట" అనేసింది. పక్కింటాయన వెళ్ళిపోయాక అన్నయ్య ఆ దీర్ఘం పూర్తిచేసి పలక నాకు చూపించాడు. "రా".

జూలై 8

డిపో మేనేజరు ఫోను. వదిన స్పీకర్‌లో పెట్టింది.

బస్టాండు మైకు దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా అన్నయ్య గొంతే. స్వరపేటిక తీసేశాక ఆ పనికి మనిషి అక్కర్లేదని ఒక రికార్డింగు పెట్టేశారు. సెలవు ఆగస్టు చివరితో అయిపోతుంది. ఆగస్టు 29న ముగ్గురు పెద్దలు కూర్చుంటారట. వేరే ఏదైనా పని ఇవ్వాలా, తప్పుకోమనాలా అని ఆరోజు తేలుస్తారు.

"ఇంట్లోవాళ్ళు వచ్చి మాట్లాడితే లాభం లేదమ్మా," అన్నాడు మేనేజరు. "ఏం చేయగలడో ఆయన నోటితో ఆయన్నే చెప్పమనండి."

తర్వాత తనకే తట్టి దగ్గాడు. పెట్టేశాడు.

అన్నయ్య పలక తీయలేదు. ఆస్పత్రిలో మెడకి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి చూపించారు. కానీ రేడియేషన్ తాలూకు వాపు తగ్గేదాకా, అంటే ఈ ఏడాదంతా, అది కుదరదన్నారు.

కాబట్టి పెట్టె కావాలి. ఆగస్టు 29కి. వదిన ఏమన్నా సరే.

జూలై 11

ప్రెస్‌లో పొద్దున్నుంచీ పాత ఫాంట్ల గోల. ఎవరో పదేళ్ళ కిందటి ఫైలు తెచ్చారు, తెరిస్తే అక్షరాలన్నీ కోడి కాళ్ళ ముగ్గులు. ఓనరు నా వెనక నిలబడి "నీ ఉచితం సాఫ్ట్‌వేర్లు ఎక్కించాకే ఇలా అయింది" అంటాడు. ఫైలు పదేళ్ళ కిందటిది, నేను ఎక్కించింది మొన్న. చెవిటివాడి ముందు శంఖం.

ఆ కోపం మీద ఇంటికొచ్చి, రేకు గొంతు తయారుచేసిన వాళ్ళ చర్చావేదికలో పొడుగ్గా రాశాను. తెలుగు రానప్పుడు తెలుగు అని ఎందుకు పెట్టారు, ళ పలకలేని దానికి ఒక భాష పేరెందుకు, ఇంకా కొన్ని మాటలు.

జవాబు వెంటనే వచ్చింది. దాన్ని తయారుచేసినాయన ఎక్కడో వేరే దేశంలో ఉంటాడు. ఫొటోలో గడ్డం తప్ప ఏమీ కనపడదు, అందుకని గడ్డం అనే అంటాను. గడ్డం చెప్పిందేమిటంటే: "నాకు మీ భాష రాదు. మీ లిపి చదవడం కూడా రాదు. ఎవరో ఒకరు అక్షరాల వివరాలు ఇచ్చి మాయమయ్యారు, దాన్నిబట్టి చేశాను. అప్పటినుంచి మీ భాషవాళ్ళు తిట్టడానికి తప్ప ఇటు రాలేదు. మీకు తప్పు తెలిసింది కాబట్టి, సరిచేయాల్సిన చోటు చూపిస్తాను. మీరే చేయండి."

పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు ఉంది నా పని. సిగ్గేసింది. అయినా కోపం పోలేదు.

జూలై 13

ళ దిద్దడం దేనికి? ఆ గొంతే అక్కర్లేదు. అన్నయ్య గొంతే చేయొచ్చు.

ఇంకో సాఫ్ట్‌వేరు ఉంది, అదీ ఉచితమే. మనిషి మాటల రికార్డింగులు, వాటికి సరిపోయే అక్షరాలు ఇస్తే, ఆ గొంతు నేర్చుకుని కొత్త వాక్యాలు పలుకుతుంది. నాకు ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదు!

ఆయన కోసమే. తన గొంతు తనకి వస్తే ఆ కుర్చీలోంచి లేవడూ?

జూలై 19

బస్టాండు కంట్రోలు రూములో అన్నయ్య స్నేహితుడు పెన్‌డ్రైవ్ నింపి ఇచ్చాడు. విన్నాను. అన్నీ బస్సులే. ఫలానా ప్లాట్‌ఫారం, ఫలానా ఊరు, ప్రయాణికులు గమనించగలరు. ఇరవై ఏళ్ళు మాట్లాడిన మనిషి మైకులో ఒక్క సొంత మాట మాట్లాడలేదు.

ఇంట్లో వీడియోలు వెతికాను. తీసేది ఎప్పుడూ ఆయనే, అందుకని దేంట్లోనూ మనిషి లేడు. గొంతు మాత్రం ఉంది. "ఇటు, ఇటు చూడండి. చిన్నీ, నవ్వవే, పళ్ళు రాలిపోవు." ఆ ముక్క వినేసరికి నిజంగానే పళ్ళు బయటపెట్టి కూర్చున్నాను, కెమెరా ఉన్నట్టు.

చిన్న చిన్న ముక్కలుగా కోయాలి. ఒక్కో ముక్కకి ఎదురుగా అందులో ఉన్న మాటలు టైపు చేయాలి. ప్రెస్‌లో చేసేదీ టైపే, ఇంటికొచ్చి చేసేదీ టైపే.

జూలై 22

గొంతు నేర్పించడం మొదలుపెట్టాను. పాత లాప్‌టాపు విమానంలా మోత.

జూలై 23

కరెంటు పోయింది. మొదటి నుంచి.

జూలై 25

ఫ్యాను ఆగిపోయింది. అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాను, బాలింతకి విసిరినట్టు. అయినా ఆరిపోయింది. మొదటి నుంచి.

జూలై 26

మొదటి నుంచి.

ఆగస్టు 4, సోమవారం

ఈ లాప్‌టాపుతో అయ్యే పని కాదని, నిన్న ఆదివారం ప్రెస్ తాళం తీసి, పోస్టర్లు చేసే పెద్ద కంప్యూటర్ మీద నడిపాను. పొద్దుటికి పూర్తయింది. ఫైలు జేబులో వేసుకుని ఏమీ ఎరగనట్టు నా సీట్లో కూర్చున్నాను.

ఓనరు వచ్చి ఆ పెద్ద కంప్యూటర్ మీద చెయ్యి వేశాడు, జ్వరం చూసినట్టు.

"నిన్న సెలవు. ఇదెందుకు కాలిపోతోంది?"

చెప్పాను. అన్నయ్య అన్నాను, గొంతు అన్నాను. ఏం అర్థమైందో ఏమో, "మీ అన్నయ్య గొంతు నాకు తెలుసు. ఆయన చెప్తేనే నేను బస్సెక్కేవాణ్ణి," అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను, వదిలేశాడు. కాకపోతే ఈ వారమంతా పాత ఫాంట్ల ఫైళ్ళన్నీ నాకే.

ఆగస్టు 5

వచ్చింది. గొంతు వచ్చింది. అన్నయ్యదే.

కానీ బస్టాండు అన్నయ్య. "అన్నం వడ్డించు" అని కొడితే, అన్నం మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉందన్నట్టు పలికింది. ప్రశ్న వేస్తే ప్రశ్నలా లేవదు. వీడియోల ముక్కలు ఇంకా కలపాలి.

ఆగస్టు 8

కలిపాను. మెత్తబడింది.

"చిన్నీ, తిన్నావా?" అని కొట్టాను.

పరీక్ష కోసం చాలాసార్లు వినాల్సి వచ్చింది.

ఆగస్టు 10

పరీక్ష. "చిన్నీ, ఇంత ఆలస్యమా?" "చిన్నీ, ఆ కళ్ళజోడు మార్చు, ముసలమ్మలా ఉన్నావు." బాగానే పలుకుతోంది. వదినకీ అన్నయ్యకీ ఇంకా చెప్పలేదు. పూర్తిగా కుదిరాక చెప్తాను. ఇంకా చిన్న చిన్న లోపాలున్నాయి.

గడ్డం అడిగాడు, ళ సంగతి ఏమైందని. జవాబివ్వలేదు. తీరిక ఎక్కడుంది?

ఆగస్టు 12

ఇవాళ పొద్దున ప్రెస్‌కి బయల్దేరే ముందు, బయట మబ్బుగా ఉందని, "చిన్నీ, గొడుగు తీసుకెళ్ళు, వానొచ్చేలా ఉంది" అని కొట్టాను. అచ్చం. ఆ "వానొచ్చేలా" దగ్గర కాస్త సాగదీయడం కూడా.

"సరే అన్నయ్యా," అన్నాను.

వెనక ఏదో చప్పుడైంది. గుమ్మంలో అన్నయ్య. నేను మర్చిపోయిన అన్నం డబ్బా పట్టుకుని ఉన్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన మేడ మెట్లు ఎక్కడం అదే మొదలు. ఆయాసానికి మెడ మీది గుడ్డ లోపలికీ బయటికీ ఆడుతోంది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"వినిపిద్దామనే అనుకుంటున్నా, ఇంకా పూర్తి కాలేదని..." అన్నాను.

డబ్బా గుమ్మం మీద పెట్టి దిగిపోయాడు. ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని.

జవాబు చెప్పడం కూడా పరీక్షలో భాగమే. వింటే మనిషికి జవాబు చెప్పాలనిపిస్తోందా లేదా అన్నదే కదా చూడాల్సింది.

ఆగస్టు 13

ఆయనకి అర్థం కాలేదు. అంతే.

ఆగస్టు 14

వదిన పైకొచ్చింది. నా గదిలోకి ఆవిడ రావడం బట్టలు ఆరేయడానికి దారి కోసమే తప్ప ఎప్పుడూ లేదు.

"నిన్నటి నుంచీ సరిగ్గా తినట్లేదు. పలక మంచం కిందికి తోసేశారు. ఏం చేశావ్?"

"గొంతు చేశాను."

"ఎవరి గొంతు?"

చెప్పాను. కస్సుమంటుందనుకున్నాను. తలుపు దగ్గరగా వేసింది. చీరకొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులు తడిగా ఏమీ లేవు.

"ఏదీ, ఒకసారి పెట్టు," అంది.

ఏం కొట్టాలో తోచలేదు. ఆయన రోజూ అనేదే కొట్టాను: "ఏమోయ్, కాస్త టీ పడేస్తావా?"

వదిన గిరుక్కున తిరిగింది. రెండడుగులు తలుపు వైపు వేసింది కూడా. అక్కడ ఆగిపోయింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడి, కాసేపటికి నా మంచం మీద కూర్చుంది.

"ఇంకెప్పుడూ పెట్టకు," అంది. "నాకూ పెట్టకు, నువ్వూ పెట్టుకోకు."

నేనెందుకు పెట్టుకుంటాను? ఇది నా కోసం కాదుగా.

ఆగస్టు 15

పెట్టుకోలేదు.

ఆగస్టు 16

ఒక్కసారి. ఫైలు పాడైందేమో చూడాలి కదా.

ఆగస్టు 17, ఆదివారం

పలక మంచం కింది నుంచి తీసి తుడిచి అన్నయ్య ఒళ్ళో పెట్టాను. "తిట్టేదేదో తిట్టు," అన్నాను. "ఇరవై తొమ్మిది దగ్గరికొస్తోంది. పాత పెట్టె వద్దన్నావు, సొంత గొంతు చేస్తే మొహం తిప్పుకున్నావు. ఏం కావాలో చెప్పి చావు. నేను పనీ పాటా లేక చేస్తున్నానా ఇదంతా?"

గట్టిగానే అరిచాను. వదిన వంటింట్లోంచి తొంగిచూసి, మొదటిసారి మధ్యలోకి రాకుండా వెనక్కి వెళ్ళింది.

అన్నయ్య రాయడం మొదలుపెట్టాడు. పలక చిన్నది. రాయడం, చూపించడం, చెరపడం.

"నా గొంతు నీకు కావాలి."

చెరిపాడు.

"నాకు మాట కావాలి. గొంతు కాదు."

నేనేదో అనబోయాను. వేలు ఎత్తి ఆగమన్నాడు.

"గొడుగు మాట నేను అనలేదు."

"అంటావుగా ఎప్పుడూ!"

"ఎప్పుడూ అంటాను. ఆ రోజు అనలేదు."

తర్వాత రాశాడు, అక్షరాలు చిన్నవి చేసి, ఒకే పలకలో పట్టేలా: "నేను అన్నవి ఉంచుకో. అననివి తీసెయ్."

అంటే వీడియోలు ఉంచుకోవచ్చు. పెన్‌డ్రైవ్ ఉంచుకోవచ్చు. ప్రెస్ కంప్యూటర్ని కాల్చి మరీ చేసింది తీసేయాలి.

రేపు తీసేస్తాను.

ఆగస్టు 18

రేపు. ఇవాళ ప్రెస్‌లో పని ఎక్కువ.

ఆగస్టు 19

ఈ మనిషికి ఏం చేసినా తప్పే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పదిరోజుల్లో డిపోకెళ్ళాలి, చేతిలో ఏమీ లేదు.

రేపు తీసేస్తాను.

ఆగస్టు 20

ప్రెస్‌లో ఉండగా వదిన ఫోను. ఎత్తగానే ఏడుస్తోందనుకున్నాను. ఏడుపు కాదు, నవ్వు. మాట రావట్లేదు. "ఇంటికొచ్చాక చెప్తాలే" అని పెట్టేసింది. సాయంత్రం దాకా ఫైళ్ళలో తప్పులే చేశాను.

జరిగిందిది. వదిన స్నానానికి వెళ్ళింది. ఫోను అదేపనిగా మోగింది. అన్నయ్య మామూలుగా ముట్టుకోడు. ఇవాళ ఏం పుట్టిందో, ఎత్తి స్పీకర్‌లో పెట్టి, ఫ్రిజ్ మీద నేను పడేసిన సబ్బు పెట్టె దించి ఆన్ చేశాడు. అవతల ఏదో అమ్మేవాడు.

"సార్, మీకోసం మంచి ఆఫరుంది, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?"

పెట్టె: "నిమిషం చాలదు. నేను నెమ్మది."

"సార్... ఇది రికార్డింగా?"

"నీది?"

"లేదు సార్, నేను మనిషినే!"

"నిరూపించు."

"ఎలా సార్?"

"ఏడు."

"ఎనిమిది," అన్నాడట అవతలివాడు.

ఈ ముక్క దగ్గర వదిన స్నానాల గది తలుపు తీసుకుని తడిజుట్టుతో నిలబడి ఉంది. అన్నయ్య ఒళ్ళంతా కుదుపుతూ నవ్వుతున్నాడట, చప్పుడు లేకుండా, కళ్ళ నీళ్ళతో. అవతలివాడు ఇంకా "సార్, తొమ్మిది చెప్పాలా?" అంటున్నాడు.

ఇది చెప్తూ వదిన మళ్ళీ నవ్వింది. అన్నయ్య కుర్చీలోంచి నావైపు చూసి, ఆ బుల్లి కీబోర్డు మీద ఒక్కో వేలితో కొట్టాడు. రేకు గొంతు అరిచింది:

"చిన్నీ. దీనికి ఆ అక్షరం నేర్పు. మల్లి మల్లి పరువు తీస్తోంది."

నాకు నవ్వు రాలేదు. నెలన్నర! కరెంటు పోయి, ఫ్యాను ఆగి, అట్టముక్కతో విసిరి, తాళం తీసి దొంగలా కూర్చుని ఆయన గొంతు ఆయన చేతిలో పెడితే వద్దట. గులకరాళ్ళ డబ్బా కావాలట.

"దీంట్లో ఏం నచ్చింది నీకు? చెవులు చిల్లులు పడుతున్నాయి," అన్నాను.

"అందుకే," అంది పెట్టె. "ఇది నేనని ఎవరూ అనుకోరు. ఏమన్నా అనొచ్చు."

ఆగస్టు 21

తీసేశాను.

ఆగస్టు 23

గడ్డానికి క్షమాపణ రాసి, ళ ఎక్కడ దిద్దాలో చూపించమన్నాను. చూపించాడు. నాలుక వెనక్కి మడిచే శబ్దం ఎలా ఉంటుందో అంకెల్లో చెప్పాలి. నేను ళ అంటూ అద్దంలో నోరు చూసుకుంటూ కూర్చున్నాను. వదిన చూసి "పంటి నొప్పా?" అంది.

అన్నయ్య ఫిర్యాదులు రోజుకి పలక నిండా. కొత్త గొంతు వద్దన్న మహానుభావుడు దీనికి వంకలు పెడుతున్నాడు. పదిన్నర అని కొట్టక 10.30 అని కొడతాడు, "పది పాయింట్ మూడు సున్నా" అంటే నా తప్పు. కామా పెట్టడు, ఊపిరి తిప్పుకోకుండా చదివిందంటే నా తప్పు. ఊడిన మీటల్లో ఒకటి "ఒ", కాబట్టి ఆయన ఒళ్ళు, ఒకటి, ఒప్పుకోను అన్న మాటలే వాడలేకపోతున్నాడట. "ఒప్పుకోను అనలేకపోవడం మంచిదేలే" అంది వదిన.

ఆగస్టు 26

ళ పలికింది. కానీ ఇప్పుడు ల కూడా ళ అయిపోయింది. "పాలు" అంటే "పాళు". దేవుడా.

ఆగస్టు 27

గడ్డం, నేను, మళ్ళీ గడ్డం. కుదిరింది. కుదిరినట్టుంది. ఇంక ముట్టుకోను.

ఆగస్టు 29, శుక్రవారం

వెంట ఎవరూ రాకూడదన్నారు కాబట్టి నేనూ వదినా బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు పలచటి ప్లైవుడ్డు, మాటలు వినపడుతున్నాయి. అన్నయ్య ఇస్త్రీ చొక్కాలో, మెడకి కొత్త గుడ్డతో, సబ్బు పెట్టె పట్టుకుని లోపలికెళ్ళాడు. పరీక్ష హాల్లోకి పంపినట్టు ఉంది నాకు.

"కూర్చోండి. ఏ పని చేయగలననుకుంటున్నారు?" మేనేజరు గొంతు.

కొడుతున్నాడు. ఆయన వేలి వేగం నాకు తెలుసు. లోపలివాళ్ళకి తెలీదు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో "కష్టంగా ఉంటే రాసిచ్చేయండి, మేం చదువుకుంటాం, పాపం," అన్నారు.

అప్పుడు రేకు గొంతు: "మీరు మాట్లాడుతుంటే ఆగాను. ఇప్పుడు ఆగడం మీ వంతు."

వదిన నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"పార్సిల్ కౌంటర్ ఇవ్వండి. అక్కడ నోటికంటే కళ్ళకి పనెక్కువ. ఏ బస్సు ఎప్పుడు ఎక్కడికి..."

ఆగిపోయింది. "ఎక్కడికి" తర్వాత ఏమీ లేదు. ఆయన ఆపలేదు, పెట్టె ఆగిపోయింది. ఆ రబ్బరు బ్యాండు! బ్యాటరీ తీగ ఊడి ఉంటుంది, టంకం సరిగ్గా పెట్టానా లేదా, పొద్దున చూశానా లేదా. లేచాను. వదిన లాగి కూర్చోబెట్టింది.

"ఆయన్నే చూసుకోనీ. నేనూ లేవలేదుగా," అంది.

లోపల మేనేజరు: "ఏమైంది? పాడైందా?"

ప్లాస్టిక్ మూత తీసిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ బోర్డు తిరిగి లేచేందుకు పట్టే సమయం నాకు తెలుసు. ఆ గదిలో ముగ్గురు పెద్దలు ఓ సబ్బు పెట్టె వైపు చూస్తూ కూర్చుని ఉంటారని తలుచుకుంటే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చివరికి ఆన్ అయిన కూత. టక్, టక్, టక్.

"ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

తర్వాత మేనేజరు నవ్వు, ఆ తర్వాత ముగ్గురూ. పగలబడి. ఆ మాట ఇరవై ఏళ్ళు ఆయన నోట విన్నవాళ్ళే వాళ్ళు. గులకరాళ్ళ గొంతులో విన్నా, అది ఆయన మాటేనని తెలిసిపోయింది.

మిగతాది సరిగ్గా వినపడలేదు. వదిన ముక్కు చీదుతోంది.

సెప్టెంబరు 3

ఉత్తరం వచ్చింది. పార్సిల్ కౌంటరు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తారట. "చూసి" అన్న మాట నాకు నచ్చలేదు. అన్నయ్యకి పర్వాలేదట.

గడ్డం నా ళని అందరి కోసం కలిపాడు. ఇంకెవరో ఎక్కడినుంచో అప్పుడే రాశారు: "ళ బాగుంది కానీ, ణ ఏమిటి అలా ఉంది? తెలుగు రాకపోతే ఎందుకు చేస్తారు?"

జవాబు ఏమివ్వాలో ఇంకా తేల్చుకోలేదు. రాసినవన్నీ చెరిపేశాను.

సెప్టెంబరు 14, ఆదివారం

ఈ ఇంట్లో ప్రశాంతంగా అన్నం తినే రోజులు అయిపోయాయి.

కంచాల ముందు కూర్చున్నాం. అన్నయ్య కంచం పక్కన పెట్టె. కౌంటర్లో నిన్న ఒక పార్సిల్లోంచి ఉండుండి గంట మోగిందట. ఆ కథ మొదలుపెట్టాడు. ఒక్కో వేలితో. మధ్యలో ఓ ముద్ద, మళ్ళీ రెండు మాటలు. పార్సిల్ తెచ్చినావిడ ఎలా ఉంది, ఏ రంగు సంచి, పక్క కౌంటరాయన భయపడి ఎక్కడికి పారిపోయాడు, కాపలావాడు దాన్ని కర్రతో ఎలా పొడిచాడు. మైకులో ఇరవై ఏళ్ళు దాచుకున్న సొంత మాటలన్నీ ఇప్పుడే తీస్తున్నట్టున్నాడు. నడుమ వదిన "ఆ, గడియారం ఉందా అందులో?" అని కథ తేల్చేయబోయింది.

"ఆగు. ఇంకా పోలీసులు రాలేదు," అంది పెట్టె.

కూర చల్లారింది. వదిన వడ్డిస్తూ పప్పు కావాలా అని అడిగింది, చారు కావాలా అని అడిగింది. పెట్టె పోలీసుల దగ్గరే ఉంది. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంది. మూడోసారి అడిగితే పెట్టె మరీ గట్టిగా, "కాపలావాడు ఏమన్నాడంటే" అంది.

వదిన గరిటె గిన్నెలో విసిరికొట్టింది.

"అబ్బబ్బా! కాసేపు నోరు మూసుకుంటారా మీరు!"

వదిన మొహం తెల్లబోయింది. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఈ ఇంట్లో ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. అనాల్సిన అవసరమూ రాలేదు.

అన్నయ్య ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి, ఎడమచేత్తో కొట్టాడు. నిదానంగా.

"ఏమన్నావు? ఇంకోసారి అను."

వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా నడుం మీద చెయ్యి వేసుకుని, వీధిలోకి వినపడేలా అంది:

"నోరు మూసుకోండి అన్నాను!"

ఆయన మూసుకోలేదు. పోలీసులు వచ్చేసరికి నా చేతికంటుకున్న అన్నం ఎండిపోయింది.